క్రిమినాలజీ డిగ్రీకి పది లక్షల లోను తీసుకోవచ్చా: కాశీనగర్ అమ్మాయికి నా జవాబు

ముందు ప్రశ్న ఏంటో రెండు ముక్కల్లో చెప్తా, మధ్యలో వచ్చి చదివేవాళ్ళకి అర్థమవ్వాలి కదా. అమ్మాయిది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్, ప్లస్ టూ సైన్స్ 72 శాతంతో పాసైంది. ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో నాలుగేళ్ళ బీఏ ఆనర్స్ క్రిమినాలజీ అండ్ క్రిమినల్ జస్టిస్ (నేరాలు, పోలీసు, కోర్టుల వ్యవస్థ గురించిన చదువు) సీటు వచ్చింది, ఫీజు హాస్టల్ అన్నీ కలిపి 12 లక్షలు. నాన్నగారిది కిరాణా కొట్టు, 2 లక్షలు పెట్టగలరు, మిగతా 10 బ్యాంకు లోను. ఎస్‌ఐ అవ్వాలని కోరిక, అది కాకపోతే ఫోరెన్సిక్ ల్యాబులో ఉద్యోగం. అమెరికాలో ఉన్న పెద్దమ్మ గారి అబ్బాయి డిగ్రీ అయ్యాక ఇక్కడికే ఎమ్మెస్ క్రిమినల్ జస్టిస్‌కి వచ్చెయ్ అంటున్నాడట. లోను తీసుకోవచ్చా, జీతంతో తీరుతుందా అని అడిగింది.

నేను రాయగడ, గుణుపూరు, పర్లాకిమిడి బ్రాంచీల్లో ఎడ్యుకేషన్ లోన్లు చూసి రిటైరైనవాణ్ణి. మన ఒడిశా-ఆంధ్రా బోర్డర్ ఊళ్ళ పిల్లల అప్లికేషన్లు చాలా చూశాను, కట్టలేక వాళ్ళ నాన్నలు వచ్చి కూర్చోవడమూ చూశాను. అందుకే సూటిగా చెప్తున్నా తల్లీ, ఆ కోర్సుకి ఆ అప్పు వద్దు. పోలీసు అవ్వాలన్న నీ కోరిక మంచిది, దాన్ని వదులుకోమని ఒక్క మాట కూడా అనను, కానీ ఆ కోరికకీ ఆ 10 లక్షలకీ సంబంధం లేదు, అదే వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు, నాన్నగారికి కూడా చదివి వినిపించు.

మొదట ఎస్‌ఐ సంగతి. ఒడిశా పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు పెట్టే ఎస్‌ఐ పరీక్షకి కావాల్సింది ఏదో ఒక డిగ్రీ. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ళ సీపీఓ పరీక్ష, అంటే ఢిల్లీ పోలీసు, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటివాటికి ఎస్‌ఐలని తీసుకునేది, దానికీ ఏ డిగ్రీ అయినా చాలు. అదే కమిషన్ పెట్టే ఇంకో డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ రాసి సీబీఐలో ఎస్‌ఐ అవ్వొచ్చు, ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఏసీఐఓ అనే ఆఫీసర్ పోస్టు ఉంది, వీటిలో ఏ ఒక్కటీ క్రిమినాలజీ చదివావా అని అడగదు, చదివితే మార్కులు కలపదు, ఇంక్రిమెంటూ ఇవ్వదు. సీపీఓ ఎస్‌ఐ బేసిక్ 35,400, సీబీఐ ఎస్‌ఐ, ఏసీఐఓ బేసిక్ 44,900. పర్లాకిమిడి కాలేజీలో హిస్టరీ చదివి పరీక్ష పాసైన పిల్లకీ అదే జీతం, 12 లక్షలు పెట్టి క్రిమినల్ జస్టిస్ చదివిన పిల్లకీ అదే జీతం. పరీక్షలో వచ్చేది కూడా రీజనింగ్, లెక్కలు, జీకే, ఇంగ్లీషు, తర్వాత పరుగు, ఎత్తు, మెడికల్. డిగ్రీలో నేర్చుకున్న క్రిమినాలజీ థియరీ అక్కడ దాదాపు పనికిరాదు.

ఇప్పుడు అప్పు లెక్క, ఇది నిదానంగా చూడు ఎందుకంటే కాలేజీ కౌన్సెలర్ ఎవరూ ఇది వేసి చూపించరు. ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున నాలుగు సార్లు బ్యాంకు డబ్బు కడుతుంది అనుకో, వడ్డీ పదిన్నర శాతం అనుకుందాం. కోర్సు నాలుగేళ్ళు, ఆ తర్వాత ఒక ఏడాది, మొత్తం ఐదేళ్ళు ఈఎంఐ ఉండదు, దీన్నే మారటోరియం అంటారు. ఈఎంఐ లేదు అంటే వడ్డీ లేదు అనుకుంటారు చాలామంది, వడ్డీ మొదటి ఏడాది నుంచే పడుతూ ఉంటుంది, సాధారణ వడ్డీయే గానీ పడుతుంది. మొదటి ఏడాది తీసిన రెండున్నరకి ఐదేళ్ళ వడ్డీ, రెండో ఏడాది దానికి నాలుగేళ్ళు, మూడోదానికి మూడు, నాలుగోదానికి రెండు, అన్నీ కలిపితే 3 లక్షల 67 వేల 500. అంటే ఈఎంఐ మొదలయ్యే రోజుకి నీ బాకీ 13 లక్షల 67 వేల 500. గుణుపూరు బ్రాంచీలో ఒక పెద్దాయన స్టేట్‌మెంట్ కాగితం నా టేబుల్ మీద పరిచి, వడ్డీ డెబిట్ అని ఉన్న గడి మీద వేలు పెట్టి, పదే కదా బాబూ తీసుకున్నాం, ఈ పదమూడు ఏటి అని అడిగాడు. కొడుకు వైజాగ్‌లో ఎస్‌ఐ కోచింగ్‌లో ఉన్నాడు, ఇంకా ఉద్యోగం లేదు, ఆ కోచింగ్ హాస్టల్ ఖర్చు వేరే. ఆయనకి లెక్క అర్థమయ్యేదాకా కాగితం మీద వేసి చూపించాను, చూసి చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత మా ఇంటి కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి కదా అన్నాడు అంతే.

ఆ 13.67 లక్షలు పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 18,450. పదిహేనేళ్ళు పెట్టుకుంటే నెలకి 15,100, కానీ అప్పుడు మొత్తం మీద 27 లక్షల పైన కడతావు, తీసుకున్నది 10. ఇప్పుడు దీని పక్కన జీతం పెట్టు. ఎస్‌ఐ అయ్యావనుకో, 35,400 బేసిక్, 2025 జూలై లెక్క ప్రకారం కేంద్రంలో డీఏ (కరువు భత్యం) 58 శాతం, అంటే ఇంకో ఇరవై వేల ఐదొందలు, హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటద్దె భత్యం, ఊరిని బట్టి, అందులో ఎన్‌పీఎస్ అనే పెన్షన్ కోత పది శాతం పోతుంది, మొత్తానికి చేతికి యాభై వేల పైచిలుకు వస్తుంది. అందులో 18 వేలు ఈఎంఐ అంటే కష్టమే గానీ కట్టగలవు. మరి ఎస్‌ఐ రాకపోతే? ఈ డిగ్రీతో ప్రైవేట్లో దొరికేవి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కంపెనీలు, సెక్యూరిటీ ఏజెన్సీల్లో సూపర్‌వైజర్, బ్యాంకులకి ఫ్రాడ్ చెక్ చేసే బీపీఓలు, ఎన్‌జీఓలు, వీటిల్లో చేరిన కొత్తలో నా దగ్గరికి వచ్చిన శాలరీ స్లిప్పులు ఇరవై వేల చుట్టూనే ఉండేవి, అందులో భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో రూము అద్దె, తిండి. ఇరవైలో పద్దెనిమిదిన్నర ఈఎంఐకి పోతే మిగిలేది పదిహేనొందలు. కాబట్టి ఆ ఈఎంఐ మీ నాన్నగారు కొట్టు మీద నుంచి కట్టాల్సి వస్తుంది.

నేను లోను ఇచ్చేటప్పుడు లోపల పెట్టుకున్న కొలత ఒకటే, బాగా వచ్చినప్పటి జీతంతో లెక్క వెయ్యకూడదు, అన్నీ తప్పిపోయి దొరికిన మామూలు ఉద్యోగం జీతంతో వెయ్యాలి, ఆ జీతంలో నాలుగో వంతు దాటి ఈఎంఐ ఉండకూడదు. ఇరవై వేలలో నాలుగో వంతు ఐదు వేలు. పదేళ్ళలో తీర్చే ఐదు వేల ఈఎంఐకి, మారటోరియం వడ్డీతో సహా బాకీ 3 లక్షల 70 వేల లోపు ఉండాలి. అంటే ఈ డిగ్రీకి నువ్వు తియ్యగలిగిన అప్పు మూడు లక్షల లోపే.

ఇంకోటి, 10 లక్షల లోను అంటే తాకట్టు ఉంటుంది. ఏడున్నర లక్షల వరకూ క్రెడిట్ గ్యారంటీ స్కీము కింద తాకట్టు లేకుండా ఇస్తారు, అది దాటితే ఇల్లో స్థలమో పెట్టమంటారు. పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న స్కీము ఉంది, దాంట్లో అయితే తాకట్టు, హామీదారు రెండూ అక్కర్లేదు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల లోను వరకూ మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది, కానీ అది కాలేజీలకి కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు చూసి తయారు చేసిన లిస్టులో ఉన్న కాలేజీలకే. నీకు సీటొచ్చిన యూనివర్సిటీ పేరు ఆ లిస్టులో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో నువ్వే చూడు, కాలేజీ వాళ్ళు ఫోన్లో ఉంది మేడమ్ అంటే నమ్మకు. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవాళ్ళకి మారటోరియం వడ్డీ మొత్తం ప్రభుత్వమే కట్టే పద్ధతి కూడా ఉంది, అది టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులకి, బీఏ అన్నది మామూలుగా ఆ కోవలోకి రాదు. ఈ రాయితీ వస్తుంది అని ఏజెంటు చెప్పాడని సంతకాలు పెట్టేసి తర్వాత లబోదిబోమన్నవాళ్ళు ఉన్నారు.

పరీక్షలు టైముకి జరగవు అన్నది కూడా లెక్కలో వేసుకోవాలి. మన ఒడిశా ఎస్‌ఐ పరీక్షే చూడు, 933 పోస్టులకి 2025 అక్టోబర్ మొదటి వారంలో జరగాల్సింది, సరిగ్గా దాని ముందు ఆంధ్రా బోర్డర్ దగ్గర అభ్యర్థులు ఉన్న బస్సులు బరంపురం పోలీసులకి దొరికాయి, వంద మందికి పైగా అరెస్టు, పరీక్ష ఆగిపోయింది, కేసు సీబీఐకి వెళ్ళింది. కష్టపడి చదివిన పిల్లలందరూ ఇంట్లో కూర్చున్నారు. అప్పు లేనివాళ్ళకి అది ఒక ఏడాది పోయినట్టు, అప్పు ఉన్నవాళ్ళకి ఆ ఏడాది పోవడమే కాకుండా ఈఎంఐ కూడా మొదలైపోతుంది. ఈ సందర్భంగానే చెప్తున్నా, డబ్బిస్తే పోస్టు ఇప్పిస్తాం అని ఎవరైనా మీ ఇంటికొస్తే గుమ్మంలోంచే పంపించెయ్యమను నాన్నగారిని. ఆ అరెస్టైన పిల్లల జీవితం ఏమవుతుందో తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంక ఫోరెన్సిక్ ల్యాబు. ఇక్కడే నువ్వు పెద్ద పొరపాటు చేయబోతున్నావు, ఇది నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ల్యాబులో సైంటిస్టు పోస్టులకి కావాల్సింది ఎమ్మెస్సీ. కెమిస్ట్రీ డివిజన్‌కి కెమిస్ట్రీ, బయాలజీ డివిజన్‌కి బోటనీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ లాంటివి, ఫిజిక్స్‌కి ఫిజిక్స్. ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ కూడా ఒప్పుకుంటారు కానీ చాలా నోటిఫికేషన్లలో బీఎస్సీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలి అని రాసి ఉంటుంది, యూపీఎస్సీ తీసే సెంట్రల్ ల్యాబు పోస్టుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ప్లస్ టూ సైన్స్ పాసైన పిల్లవి నువ్వు, బీఏ క్రిమినాలజీలో చేరితే ల్యాబు తలుపు ఆ రోజే మూసుకుపోయినట్టు, తర్వాత ఎమ్మెస్సీ ఫోరెన్సిక్‌కి కూడా బీఎస్సీ అడుగుతారు. పేరులో క్రిమినల్ అని ఉంది కదా రెండూ ఒకటే అనుకుంటారు, ఒకటి ఆర్ట్స్, ఇంకోటి సైన్స్.

ఫోరెన్సిక్ వైపు అవకాశం పెరుగుతోంది అన్నది మాత్రం నిజం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 176వ సెక్షన్ మూడో సబ్‌సెక్షన్ ప్రకారం ఏడేళ్ళు, అంతకన్నా ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటన జరిగిన చోటికి వెళ్ళి ఆధారాలు సేకరించాలి, రాష్ట్రాలకి దీనికి ఐదేళ్ళ గడువిచ్చారు. దానికి తగ్గట్టు మనుషులు కావాలి కదా, అందుకే 2024 జూన్‌లో కేంద్రం 2,254 కోట్లతో కొత్త ల్యాబులు, నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ క్యాంపస్‌లు పెట్టే స్కీము ఒప్పుకుంది. మనకి దగ్గర్లో బరంపురంలో రీజినల్ ల్యాబు ఉంది. గంజాం, గజపతి, రాయగడ వైపు కేసుల రక్తం మరకలు, విషం శాంపిళ్ళు చూసే పని అది, ఆ పని చేసేవాళ్ళంటే నాకు చాలా గౌరవం. నీకు నిజంగా ఆ ఆసక్తి ఉంటే దాని దారి వేరు, ఖర్చూ తక్కువే.

నేనైతే ఏం చెయ్యమంటానంటే, పర్లాకిమిడిలో ఎస్‌కేసీజీ కాలేజీలో ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, కెమిస్ట్రీ ఆనర్స్‌లో చేరు. ఫీజు ఏడాదికి కొన్ని వేలు, గుణుపూరు లైన్ రైలు ఉంది, బస్సులున్నాయి, ఇంటి నుంచి వెళ్ళి రావచ్చు లేదా అక్కడే రూము తీసుకోవచ్చు. ఆ రెండు లక్షలు నాన్నగారి దగ్గరే ఉండనీ. ఈ చదువుతోనే ఎస్‌ఐ, సీపీఓ, సీజీఎల్ అన్నిటికీ అర్హత వస్తుంది, పొద్దున్నే పరుగు మొదలుపెట్టు, రీజనింగ్ పుస్తకం రోజూ గంట చూడు. డిగ్రీ అయ్యాక ల్యాబు మీదే మనసుంటే నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాయి, లేదా బరంపురం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. అప్పుడు రెండేళ్ళకి నాలుగు లక్షలు లోను అవసరమైందనుకో, మారటోరియం వడ్డీతో 5 లక్షల 5 వేలు అవుతుంది, పదేళ్ళకి ఈఎంఐ 6,800. నా కొలత కన్నా కాస్త ఎక్కువే, కానీ ఆ ఎమ్మెస్సీ లేకపోతే ల్యాబు పోస్టుకి అప్లై కూడా చెయ్యలేవు, అలాంటి చదువుకి అప్పు చెయ్యొచ్చు. చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ మాత్రం కట్టేస్తే బాకీ పెరగదు, చాలా బ్యాంకులు అలా కడితే ఒక శాతం తగ్గిస్తాయి కూడా, శాంక్షన్ లెటర్‌లో ఆ మాట ఉందో చూసుకో.

చట్టం వైపు ఇష్టమైతే డిగ్రీ తర్వాత మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ, బరంపురం లింగరాజ్ లా కాలేజీ ఉంది, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అవ్వొచ్చు. క్రిమినల్ జస్టిస్‌లో ఫలానా చదువే ఉండాలని అడిగే ఉద్యోగాలు ముఖ్యంగా ఇవి, ల్యాబులో సైంటిస్టు, కోర్టులో ప్రాసిక్యూటర్. క్రిమినాలజీకి యూజీసీ నెట్ ఉంది, లెక్చరర్ అవ్వొచ్చు, నిజమే, కానీ దానికి పీజీ కావాలి, ఆ సబ్జెక్టు పెట్టిన కాలేజీలు మన వైపు చాలా తక్కువ.

అమెరికా మాట. అన్నయ్య ప్రేమతోనే చెప్పి ఉంటాడు, కాదనను. అక్కడి లేబర్ శాఖ లెక్క ప్రకారం 2024 మే నాటికి పోలీసులు, డిటెక్టివ్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 77,270 డాలర్లు, ఈ అంకె చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ జీతం ఆ దేశం వాళ్ళది, అక్కడ పోలీసు ఉద్యోగాలకి ఎక్కువ చోట్ల పౌరసత్వం అడుగుతారు, స్టూడెంట్ వీసా మీద వెళ్ళిన పిల్లకి అవి అందవు. చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడ పనిచేసుకోవడానికిచ్చే అనుమతి, పన్నెండు నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సులకి ఇంకో 24 నెలలు ఇస్తారు, మామూలు క్రిమినల్ జస్టిస్ ఆ స్టెమ్ లిస్టులో లేదు, ఫోరెన్సిక్ సైన్స్ ఉంది. ఒక ఏడాదిలో ఏం సంపాదించి ఆ అప్పు తీరుస్తావు?

అక్కడి వీడియోల్లో, మొత్తం అప్పు మొదటి ఏడాది జీతం దాటకూడదు అని ఒక సూత్రం చెప్తుంటారు, దాన్ని పట్టుకుని ఎస్‌ఐ జీతం ఏడాదికి ఏడు లక్షలు కదా, ఏడు దాకా తీసుకోవచ్చు అని మనవాళ్ళు లెక్క వేస్తున్నారు. ఆ సూత్రం వాళ్ళ పద్ధతికి సరిపోతుంది. అక్కడ డిగ్రీ పిల్లలకి ఫెడరల్ లోను వడ్డీ 2024-25లో 6.53 శాతం, జీతం తక్కువుంటే దాన్ని బట్టి కిస్తీ తగ్గించే ప్లాన్లున్నాయి, పోలీసు, జైలు, ప్రొబేషన్ లాంటి ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి 120 నెలల కిస్తీలు సరిగ్గా కడితే మిగతా ఫెడరల్ లోను మాఫీ చేసే పద్ధతి కూడా ఉంది. అందుకే అక్కడ క్రిమినల్ జస్టిస్ చదివినవాళ్ళు తక్కువ జీతంతో కూడా నెట్టుకొస్తారు. మనకి ఇవేవీ లేవు. ఇక్కడ ఎడ్యుకేషన్ లోనులో నాన్నగారు కో-బారోయర్, అంటే నీతో పాటు అప్పుదారు, కిస్తీ తప్పితే ఇద్దరి సిబిల్ (అప్పులు సరిగ్గా కట్టారా అని చూపే స్కోరు) దెబ్బతింటుంది, రేపు కొట్టుకి ఓడీ, అంటే ఓవర్‌డ్రాఫ్ట్, పెంచమని ఆయన బ్యాంకుకెళ్తే అదే అడ్డం పడుతుంది. నువ్వు ఐబీపీఎస్ రాసి బ్యాంకులో సెలెక్టైనా జాయినింగ్ అప్పుడు సిబిల్ చూస్తారు.

చివరగా మన బోర్డర్ పిల్లల సమస్య, ఇది బయటివాళ్ళు రాసే సలహాల్లో ఎక్కడా ఉండదు. నువ్వు పదో తరగతి దాకా ఒడిశాలోనే చదివావు కాబట్టి పాతపట్నం పక్కనే ఉన్నా ఆంధ్రాలో నువ్వు నాన్-లోకల్, రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద అక్కడ ఎక్కువ పోస్టులు లోకల్ వాళ్ళకే. ఇక్కడ ఒడిశా పోలీసులో చేరాలంటే ఒడియా మాట్లాడటం, చదవడం, రాయడం రావాలి, ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా పాసైనట్టు కాగితం ఉండాలి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు మీడియం, బజార్లో ఒడియా మాట్లాడేస్తాం గానీ రాయమంటే తడబడే పిల్లలు మన ఊళ్ళలో ఎంతమందో. ఫిజికల్స్ అన్నీ పాసై ఈ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు. నీ పదో తరగతి మార్కుల లిస్టులో ఒడియా సబ్జెక్టు ఉందో లేదో ఇవాళే తీసి చూడు. లేకపోతే ఆ పరీక్ష ఎక్కడ ఎప్పుడు రాయాలో మీ స్కూలు హెడ్‌మాస్టరుని అడుగు, దానికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు. దాంతోపాటు తహసీల్ ఆఫీసులో రెసిడెన్స్ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ తీయించి పెట్టుకో, స్కాలర్‌షిప్‌కీ కావాలి, రేపు లోనుకీ కావాలి.

ప్రైవేట్ యూనివర్సిటీకి సీటు కోసం అడ్వాన్స్ కట్టేశారా లేదా అన్నది నువ్వు రాయలేదు. కట్టి ఉంటే ఆ రసీదు, అడ్మిషన్ లెటర్ జాగ్రత్తగా పెట్టి, సీటు వద్దంటున్నామని ఇప్పుడే రాతపూర్వకంగా మెయిల్ పెట్టు, ఫీజు వాపసుకి యూజీసీ తేదీలు ఉంటాయి, ఆలస్యమయ్యే కొద్దీ వెనక్కొచ్చేది తగ్గుతుంది. ఎస్‌కేసీజీ అడ్మిషన్‌కి మాత్రం ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ల వెబ్‌సైటు సామ్స్ పోర్టల్‌లోనే అప్లై చెయ్యాలి, కాలేజీకి వెళ్ళి అడిగితే వాళ్ళూ అక్కడికే పంపుతారు.